కొలిమి నేర్పే చూపు

శ్రీకాకుళం చేపల బజారులో కత్తిపీట దగ్గర కాసేపు నిలబడి చూడండి. మొదట కోసే ఆమె చేతి వేగం కంటికి ఆనుతుంది. ఇంకాసేపు చూస్తే ఆ వేగానికి ఆధారమంతా కత్తి వంపులో ఉందని తెలుస్తుంది. అలుగు కదలదు, చేపే దాని మీదికి వస్తుంది. అలుగు నిటారుగా ఉండి ఉంటే చేపను బలంగా నెట్టాల్సి వచ్చేది, ముక్క నలిగిపోయేది. వంపు ఉండబట్టి, చేప జరిగినంతసేపూ వాదర దాని మీద జారుతూనే ఉంటుంది. నెట్టడమే కోయడమైపోతుంది. కోనాం ముక్క అంచు చెదరకుండా తెగి పళ్ళెంలో పడుతుంది. ఆ వంపును కాగితం మీద ఎవరూ గీసి ఇవ్వలేదు. ఏ ఊళ్ళోనో ఒక కమ్మరి, ఎర్రగా కాలిన లారీ కమాను పట్టీని కొడుతూ కొడుతూ, ఇక చాలనుకున్న చోట సుత్తి ఆపాడు. ఎక్కడ ఆపాలో తెలియడమే అతని శిల్పం.

ఉత్తరాంధ్ర చేతిపనుల మాట వస్తే బొబ్బిలి వీణను తలుస్తాం, బుడితి కంచు, ఇత్తడి సామాన్లను తలుస్తాం. రెండింటికీ భౌగోళిక గుర్తింపు దక్కింది, దక్కవలసిందే. కత్తి మాట వస్తే మాత్రం మన మనసు చరిత్రలోకి పోతుంది. బొబ్బిలి కోట కూలిన 1757 జనవరి 24, ఆ తర్వాత విజయనగర ప్రభువు విజయరామరాజు గుడారంలో తాండ్ర పాపారాయుడు దూసిన బాకు గుర్తొస్తాయి. కోతకోసే కొడవలిని, ఉద్దానం కొబ్బరితోటల్లో బొండాలు చెక్కే కత్తిని, తాటిచెట్టు మీద గెలను గీసే కత్తిని, సీతంపేట కొండల్లో సవర రైతు నడుముకు వేలాడే కత్తిని కళాఖండాలుగా చూసే అలవాటు మనకు లేదు. నాకు వాటిలో గొప్ప అందం కనిపిస్తుంది. ఆ అందం పుట్టే చోటు కొలిమి. కొద్దిపాటి డబ్బుతో పెరట్లో కూడా దాన్ని పెట్టుకోవచ్చు. చవకైన ఆ కొలిమి మనిషి కంటికీ చెవికీ ఇచ్చే చదువు ఖరీదైన యంత్రశాలలో దొరకదని నా నమ్మకం.

కొలిమికి కావలసినవి నాలుగే: నిప్పును పట్టి ఉంచే గుంట, గాలి, బొగ్గు, దెబ్బను తట్టుకునే బరువు. గుంటకు ఇరవై లీటర్ల పాత ఇనుప డబ్బా చాలు. బంకమట్టి, ఇసుక, ఊక బూడిద కలిపి పిసికి, లోపలి గోడకు రెండంగుళాల మందాన మెత్తాలి. దాన్ని నీడలోనే ఆరనివ్వాలి. తొందరపడి ఎండలో పెడితే నెర్రెలిస్తుంది. పూర్తిగా ఆరాక మొదటి రోజు పిడకలతో చిన్న మంట పెట్టి, మట్టిలో దాక్కున్న తడిని నెమ్మదిగా వెళ్ళగొట్టాలి. గాలికి పూర్వం తోలు తిత్తి ఉండేది. ఇప్పుడు ఊరి కొలిముల్లో సైకిలు చక్రానికి బెల్టు తగిలించి తిప్పే బ్లోయరు కనిపిస్తుంది. అదే పెరటి కొలిమికీ సరిపోతుంది. గాలి గొట్టం ఒట్టి ఇనుపదై ఉండాలి. జింకు పూత ఉన్న నీళ్ళ పైపు పెడితే వేడికి ఆ పూత పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాగలిగా పాత ఇనుప సామాన్ల కొట్లో రసీదుతో కొన్న ఏ బరువైన ఇనుప దిమ్మైనా పనికొస్తుంది. దాన్ని చింతమొద్దులో కదలకుండా దిగేస్తే చాలు. చేతి బ్లోయరు తప్ప డబ్బు పెట్టి కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు.

బొగ్గు ఎంపికలో మన తీరం అదృష్టం చేసుకుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం ఒడ్డున సరుగుడు తోపులున్నాయి. సరుగుడు కట్టె బరువైనది, దాని బొగ్గు వేడిని చాలాసేపు నిలుపుతుంది. చింతబొగ్గూ మంచిదే. ఉద్దానం కొబ్బరిచిప్పల బొగ్గు చిన్న పనులకు బాగుంటుంది. పలాసలో కుప్పలుగా దొరికే జీడిపిక్కల పెంకుల జోలికి మాత్రం పోకూడదు. వాటిలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పొగ కళ్ళను మండిస్తుంది. రాక్షసిబొగ్గులో గంధకం ఉంటుంది కనుక కత్తి ఉక్కుకు కట్టెబొగ్గు నిప్పే మేలు. ఆ నిప్పులో కూడా అంతటా ఒకే గుణం ఉండదు. గాలి గొట్టం మూతికి దగ్గరగా ఉక్కును పెడితే పొరలు పొరలుగా చిట్టెం కట్టి తరిగిపోతుంది. నాలుగైదు అంగుళాలు పైకి జరిపి బొగ్గుల గుండెలో దాస్తే, అక్కడ గాలి తన పదునంతా బొగ్గుల మీద ఖర్చు చేసేసి ఉంటుంది కాబట్టి, ఉక్కు శుభ్రంగా కాలుతుంది. జానెడు గుంటలో మంటకు పైనా కిందా రెండు స్వభావాలు ఉన్నాయని గుర్తుపట్టిన రోజున కొలిమి మనతో మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఇక ఉక్కు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సాలూరు లారీల ఊరు. కొండదారుల్లో బరువులు మోసి అలసిన కమాను పట్టీలు పాత ఇనుము కొట్లకు చేరతాయి, అక్కణ్ణుంచి కమ్మరి చేతికి. కమాను ఉక్కులో కర్బనం సుమారు 0.6 శాతం ఉంటుంది, కాల్చి ముంచితే అది గట్టిపడేది దానివల్లే. మామూలు ఇనుప కడ్డీని ఎంత కాల్చి ముంచినా ఈ గట్టిదనం రాదు. కర్బనంతో పాటు ఒక శాతానికి అటూ ఇటూగా మాంగనీసు ఉంటుంది. అది ఉండబట్టే నీళ్ళలో ముంచే ప్రమాదం లేకుండా నూనెలో ముంచినా ఈ ఉక్కు గట్టిపడుతుంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ నేల మీదే, నాటి విశాఖపట్నం జిల్లాలో. గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల నల్లటి ఆ ఖనిజాన్ని తవ్వి రైళ్ళకెక్కించిన కూలీల మనవలు ఇవాళ అదే మూలకం కలిసిన ఉక్కు కొడవలితో కోత కోస్తున్నారు. ఈ సంగతి తెలిసి కొడవలి పట్టుకుంటే చేతిలో దాని బరువు వేరుగా తోస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది: పాత పట్టీలో కంటికి కనపడని పగుళ్ళు ఉండవచ్చు. వంగి వంగి అలసిన నడిమి భాగం వదిలి, చివరి ముక్క ఎంచుకుంటే మంచిది.

లయ మీద ఇష్టం ఉన్నవారు కొలిమిని కళ్ళు మూసుకుని కూడా ఆస్వాదించవచ్చు. 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి తొలి ప్రిన్సిపాలుగా చేసుకున్న విజయనగరం పక్కన ఉన్నవాళ్ళం, ఆ మాత్రం చెవి మనకు ఉండాలి. కమ్మరి చేతిలో చిన్న సుత్తి, ఎదురుగా నిలబడ్డ మనిషి చేతిలో సమ్మెట. చాలా కొలిముల్లో ఆ సమ్మెట ఇంటి ఇల్లాలిదే. చిన్న సుత్తి పడిన చోట సమ్మెట పడుతుంది. ఎక్కడ కొట్టాలో, ఎంత గట్టిగా కొట్టాలో నోటిమాట లేకుండా చిన్న సుత్తి చెబుతుంది. కాలిన ఉక్కు మీద పడిన దెబ్బ మెత్తగా, బొంగురుగా వినిపిస్తుంది. ఉక్కు చల్లారేకొద్దీ ఆ శబ్దం సన్నబడి పైకి పోతుంది. శ్రుతి పెరిగిందంటే ఉక్కు ఇక వద్దంటున్నట్టు. ఆపైన కొడితే లోపల పగులు పడుతుంది. కమ్మరి సుత్తిని పని మీంచి తప్పించి ఒట్టి దాగలి మీద ఒక్కసారి టంగుమనిపిస్తాడు. సమ్మెట ఆగిపోతుంది. పట్టీ మళ్ళీ బొగ్గుల్లోకి వెళుతుంది.

కత్తికి రూపం తెచ్చే పనిలో నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ణి చేసేది ఒక ముందుచూపు. వాదరను పలచగా సాగగొడితే ఆ వైపు పొడవు పెరుగుతుంది. వెన్ను వైపు పెరగదు. దాంతో అలుగు వెనక్కి, వెన్ను వైపుకు వంగిపోతుంది. అనుభవం లేనివాడు కొట్టడం మొదలుపెట్టాక ఆ వంపును చూసి బెంబేలెత్తుతాడు. చేయి తిరిగిన కమ్మరి అసలు పని మొదలుపెట్టక ముందే పట్టీని వాదర వైపుకు వంచి పెడతాడు. చూసేవాడికి అదేదో వంకర కత్తిలా కనిపిస్తుంది. వాదర సాగగొట్టేకొద్దీ ఆ వంకర దానంతట అది విప్పుకుంటూ వచ్చి, చివరి కాపుకు అలుగు కోరుకున్న చోట నిలుస్తుంది. రాబోయే మార్పును లెక్కగట్టి దానికి ఎదురు వంపును ముందే ఇచ్చి ఉంచడం! మంచి కథకుడు మొదటి పేజీలో వేసిన ముడి చివరి పేజీలో విడిపోయినప్పుడు కలిగే ఆనందమే ఇక్కడా కలుగుతుంది.

రూపం వచ్చాక కత్తి ఇంకా కత్తి కాదు, కత్తి ఆకారంలో ఉన్న పట్టీ. దెబ్బలకు, పదే పదే కాల్చడానికి లోపలి రేణువులు పెరిగి చెదిరి ఉంటాయి. దాన్ని మూడుసార్లు ఎర్రగా కాల్చి, మూడుసార్లూ గాలిలో వదిలేసి ఆరనివ్వాలి. ఈ విశ్రాంతి ఎందుకో తెలియాలంటే రెండు చిన్న ముక్కల్ని విరిచి పక్కపక్కన పెట్టి చూడాలి. విశ్రాంతి ఇవ్వకుండా అతిగా కాల్చి ముంచిన ముక్క విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. కుదురుగా సేదదీర్చి ముంచింది నున్నటి బూడిదరంగులో, రేణువు కంటికి ఆనకుండా ఉంటుంది. మెరుపు లేనిదే మేలిమి అని కొలిమి చెప్పే పాఠం అది. అలంకారాలు మరీ మెరిసే పద్యాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ పలుకుల ముక్క గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. ఎండ వెలుతురులో దీన్ని చూడలేం. అందుకే కొలిమి చీకటి మూలన ఉంటుంది, పని పొద్దు వాలాక సాగుతుంది. జపాను కత్తుల కమ్మరులు కూడా ఈ పనికి గదిని చీకటి చేసుకుంటారు. గాలి నెమ్మదిగా, ఆగకుండా తిప్పాలి. అలుగు ముందు కనీ కనపడని ఎరుపుకు వస్తుంది. తర్వాత కుంకుమ రంగు. అక్కడ ఒక వింత జరుగుతుంది. వెలుగుతున్న ఉక్కు లోపల నల్లటి నీడలు కదులుతాయి. నిప్పు నుంచి వేడి అందుతూనే ఉన్నా కొన్ని చోట్ల ఉక్కు వెలుగు పెంచుకోదు. ఆ వేడినంతా తన లోపలి అమరికను మార్చుకోవడానికి తీసేసుకుంటుంది. ఆ నీడలు మందమైన వెన్ను దగ్గర ఎక్కువసేపు తచ్చాడతాయి, పలచటి వాదర దగ్గర ముందే తొలగిపోతాయి. "ఎర్రగయితే సాలదు బాబూ, నీడ పోవాల" అని ముసలి కమ్మరి చెప్పే మాటకు అర్థం ఇదే. ఆఖరి నీడ కూడా చెరిగి, అలుగంతా ఒకే రంగులో నిలిచిన క్షణమే ముహూర్తం.

పాఠ్యపుస్తకం ఇదే సంగతిని వేరేలా చెబుతుంది. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంత గుణం కోల్పోతుంది, కమాను ఉక్కును దానికి కాస్త పైన, 830 డిగ్రీల లోపు ముంచాలి. అందుకే కొత్తగా కొలిమి పెట్టుకున్నవాళ్ళు పాత స్పీకరులోని అయస్కాంతాన్ని తీగకు వేలాడదీసుకుంటారు. అలుగు దానికి అంటుకోకపోతే వేళ దగ్గరపడిందన్న మాట. మంచి సాయమే అది. కొన్నాళ్ళకు అయస్కాంతం కన్నా ముందే కన్ను చెప్పేస్తుంది. ఉష్ణమాపకం, ఉష్ణోగ్రతను నిలిపే విద్యుత్ కొలిమి ఉన్న చోట ఆ నీడల్ని ఎవరూ చూడరు, చూడవలసిన అవసరం రాదు. పెరటి కొలిమి పేదరికం వల్ల చూడక తప్పదు. చూడగా చూడగా ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో తెలుస్తుంది. సహృదయుడు అనే మాటను ఆలంకారికులు కావ్యం చదివేవాడికే వాడారు గానీ, నీడ పోయే క్షణం కోసం ఊపిరి బిగబట్టిన కమ్మరికి ఆ మాట అంతకన్నా బాగా నప్పుతుంది.

ముంచడం రెండు క్షణాల పని. నూనెను ముందే గోరువెచ్చ కన్నా కాస్త ఎక్కువగా, 50, 60 డిగ్రీల దాకా వేడి చేసి ఉంచాలి. వేరుశనగ నూనె చాలు. చన్నీళ్ళలో నూనెలో కన్నా ఉక్కు త్వరగా చల్లారుతుంది, టిక్కుమని ఒక సన్నటి శబ్దం వస్తుంది, ఆ శబ్దంతో అన్ని గంటల పనీ పగిలిపోతుంది. నూనెలోకి అలుగును నిలువుగా దించాలి. పక్కకు ఊపితే వంగుతుంది. పైన ఒక్కసారి మంట లేస్తుంది, అందుకే మూతపెట్టే వీలున్న ఇనుప పాత్ర కావాలి, ఒంటి మీద నూలు బట్టలుండాలి, పిల్లలు దూరంగా ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు ఇనుప అమరికలో హాయిగా కలిసిపోయిన కర్బనానికి, ఆ హఠాత్తు చల్లదనంలో బయటపడే వ్యవధి దొరకదు. ఎక్కడిది అక్కడే చిక్కుకుపోతుంది. ఆ బిగువే గట్టిదనం. తీసి ఆకురాయితో గీస్తే గాజు మీద గీసినట్టు జారిపోతుంది. చేతిలో ఉన్నది ఇప్పుడు చాలా గట్టి వస్తువు, చాలా పెళుసు వస్తువు. కింద పడితే విరుగుతుంది.

ఇక్కడితో ఆపేసిన కత్తి కోపం తప్ప ఇంకేమీ లేని నటుడి లాంటిది. దానికి శాంతం నేర్పాలి. అలుగు మీది నలుపును రుద్ది తెల్లగా చేసి, మళ్ళీ సన్న సెగ మీద పెట్టాలి. ఈసారి చూడవలసినవి నిప్పు రంగులు కావు, ఉక్కు పైపొర మీద కాంతి చేసే రంగులు. 200 డిగ్రీలు దాటుతుంటే లేత గడ్డిరంగు పాకుతుంది. ఇంకాస్త వేడికి అది ముదురుతుంది, 250 దాటాక గోధుమ రంగు, ఆ తర్వాత ఊదా, 300 దగ్గర నీలం. ఊరి కమ్మరి వెన్నును నిప్పుకు ఆనించి ఈ రంగుల్ని వాదర వైపుకు నడిపిస్తాడు. వెన్ను నీలానికి రావాలి, అప్పుడది దెబ్బను ఓర్చుకుంటుంది. గడ్డిరంగు వాదర అంచును తాకగానే ఆపాలి, అప్పుడది పదును నిలుపుకుంటుంది. అరచేతి వెడల్పు లేని అలుగులో ఓర్పూ తీవ్రతా పక్కపక్కన కాపురం చేస్తాయి. మధ్యలో ఎక్కడా గీత ఉండదు, ఒకటి రెండోదానిలో కరిగిపోతుంది. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమే అన్నాడు. ఏ చోట ఏది ఎంత ఉండాలో అంతే ఉండటం. దానికి ఇంతకన్నా కంటికి కనబడే ఉదాహరణ నాకు తెలియదు. కొబ్బరి బొండాం నరికే కత్తికి గడ్డిరంగు మరీ లేతగా ఆపితే వాదర పెచ్చు లేచిపోతుంది. దానికి ముదురు రంగు దాకా రావాలి. కూరగాయల కత్తికి లేత రంగు చాలు. ఎవరి చేతిలో ఏ పనికి పోతుందో తెలియకుండా రంగు ఎక్కడ ఆపాలో నిర్ణయించలేం.

సానకు కూడా ఈ నేలే సాయం వస్తుంది. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే రాయి ఖొండలైటు. కొండల్లో బతికే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులో గార్నెట్ అనే ఎర్రటి గట్టి ఖనిజం ఉంటుంది. నాగావళి, వంశధార లాంటి నదులు ఆ కొండల్ని అరగదీసి తెచ్చిన గార్నెట్ రేణువులు కళింగపట్నం వైపు తీరంలో ఇసుకతో కలిసి ఎర్రటి చారలుగా కనిపిస్తాయి. ప్రపంచమంతా ఉక్కును అరగదీయడానికి వాడే గరుకు ఖనిజాల్లో గార్నెట్ ఒకటి. తాటిచెట్టు గీసేవారు నున్నటి కర్రపలక మీద పలుగురాతి పొడి చల్లి కత్తి నూరుకోవడం పల్లెల్లో పాత పద్ధతి. ఆ పలక మీద కత్తి తిరిగేటప్పుడు వచ్చే సన్నటి రాపిడి చప్పుడు గరుకు తగ్గి తగ్గి చివరికి దాదాపు వినపడకుండా పోతుంది. చెవికి పని లేకుండా పోయిన చోట పదును పూర్తయిందని గుర్తు. పిడికి చింత, పనస చేవ బాగుంటాయి. వీణ కుండకు పనికొచ్చే ఆ పనస చెట్టే చేతిలో చెమటకు జారని పిడికీ పనికొస్తుంది.

చవక కొలిమిలో గొప్ప ఉక్కు పుట్టదన్న అనుమానం ఎవరికైనా ఉంటే కోనసముద్రం వైపు చూడాలి. నిజామాబాదు జిల్లాలోని ఆ ఊళ్ళో మట్టి మూసల్లో ఉక్కు వండేవారు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవారు. హెన్రీ వోయ్సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కళ్ళారా చూసి రాసిన ఆ వర్ణన 1832లో అచ్చయింది. డమాస్కస్ కత్తులుగా లోకం పొగిడిన అలుగుల వెనక ఇలాంటి దక్కను మూసల ఉక్కు ఉంది. ఆ మూసల మట్టిలో కలిపింది వరి ఊక. డబ్బాకు మెత్తే మట్టిలో మనం ఊక బూడిద కలిపినప్పుడు ఆ పాత తెలివికి దగ్గరి చుట్టరికం కలుపుకుంటున్నాం. అమెరికాలో వేన్ గొడ్డార్డ్ అనే పేరున్న కత్తుల కమ్మరి యాభై డాలర్ల కత్తుల దుకాణం గురించి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పాత సామానుతో పని మొదలుపెట్టడం అక్కడ ఇష్టంగా ఎంచుకున్న దారి. ఇక్కడ అది తరతరాల జీవిక.

ఆ జీవిక ఇప్పుడు సన్నగిల్లుతోంది. ఏరువాకకు ముందు కర్రు కొట్టించుకునే రైతుకు ట్రాక్టరు వచ్చింది. కళ్ళం మీద కమ్మరికి కొలిచే మేర పోయింది. తుప్పు పట్టని అచ్చు కత్తులు సంతలో వరసగా వేలాడుతున్నాయి. అవి చవకే, కానీ వాటిని ఎవరి చేతికీ ఎవరూ కొలవలేదు. ఊరి కమ్మరి దగ్గరికి వెళ్ళి కత్తి కావాలంటే మొదట అడిగేది దేనికి అని. రెండో చూపు మీ అరచేతి మీద పడుతుంది. ఆ ప్రశ్నా ఆ చూపూ కలిసే ధర ఆ కత్తిది.

అందుకే పెరట్లో కొలిమి పెట్టుకోవాలన్న ఉత్సాహం ఉన్న కుర్రాళ్ళకు నా సలహా ఒక్కటే. డబ్బా, మట్టి, బ్లోయరు ఒక్క ఆదివారంలో సమకూరతాయి. నీడ పోయే రంగును మాత్రం ఏ వీడియో చూపించలేదు, కెమెరా ఆ ఎరుపును తన లెక్కలోకి మార్చేసుకుంటుంది. దాన్ని చూసిన కళ్ళు ఇంకా మన ఊళ్ళలో ఉన్నాయి. పొద్దువాలే వేళ అక్కడికి వెళ్ళండి. సమ్మెట పట్టుకుని సాయం చేయండి, గురువుకు ఇచ్చినట్టు కూలి ఇవ్వండి, ఒక కత్తి కొట్టించుకోండి. వీణ విద్వాంసుణ్ణి సన్మానించే సభలో ఆ వీణను చెక్కినవాడికి, ఆ చెక్కిన ఉలికి పదును పెట్టినవాడికి కూడా ఒక కుర్చీ వేయడం నేర్చుకున్న రోజున ఉత్తరాంధ్ర రసజ్ఞత నిండుగా ఉందని గర్వంగా చెప్పుకోవచ్చు.